ఇటలీలో మెట్లు

దక్షిణ ఇటలీ సముద్రతీరం నాకు మా పెరడంత తెలుసు. నేనూ మా ఆవిడా నరసాపురం రేవులో పంటెక్కి గోదావరి దాటుతుంటే, పక్కాయనతో అలాగే కోతలు కోశాను. నిజానికి నేను చూసింది ఫోన్లో వీడియోలే. వాటి నిండా కొండలూ మెట్లే.

ఆయన నా వైపు జరిగి కూర్చున్నారు. "వేసంకాలం మేమూ అక్కడికే వెళ్దామనుకుంటున్నామండి. మా ఇంటావిడకి మోకాళ్లు బొత్తిగా వంగవు. మెట్లెక్కాలాండి?"

"ఒక్క మెట్టు లేదండి. మన కాలవ గట్టులా చదునే," అనేశాను.

"విన్నావా? ఇంక టిక్కెట్లు తీసేద్దాం," అన్నారాయన భార్యతో. ఆవిడ చేతికర్ర పక్కన పెట్టి నాకు దణ్ణం పెట్టింది. నేనూ తిరిగి దణ్ణం పెట్టేశాను.

నిజం చెప్పేద్దామనుకునేలోపే పంటు అవతలి ఒడ్డు చేరిపోయిందని ఇప్పటికీ అందరితో అంటుంటాను.

"ఎక్కడ చేరిందండీ? అప్పటికింకా నడి గోదాట్లోనే ఉన్నాం," అంటుంది మా ఆవిడ.