గోగునార యార్డులో తాతగారి కుర్చీ

మా ముత్తాతగారికి రాజాం చుట్టుపట్ల మూడు ఊళ్ల మొఖాసా, అంటే శిస్తు అనుభవించే హక్కు, ఉండేది. తాతగారు టేకు కుర్చీలో కూర్చుని రైతుల తగవులు తీర్చేవారు. నాన్నగారి కాలానికి ఊళ్లు పోయి కుర్చీ మిగిలింది. 1967 నవంబరులో మా ప్రాంతంలోని ఒక జూట్ మిల్లులో అసిస్టెంట్ అసార్టరుగా చేరినప్పుడు దాన్ని బండి మీద వేయించుకుని వెళ్లాను. నార యార్డులో అందరూ గొంతుక్కూర్చుని పనిచేస్తుంటే నేను ఆ కుర్చీలో కూర్చుని, అది తాతగారిదని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

అసార్టరంటే నారను రకాలుగా విడదీసేవాడు. రైతులు గోగుకట్టెను నీళ్లలో ఊరబెట్టి తీసిన నారను మేము టాప్, మిడిల్, బాటమ్ అని మూడు రకాలు చేయాలి. నాసినార మేలురకంలో కలిస్తే మరమీద నూలు తెగుతుంది. ప్రొబేషను ఆరు నెలలు, అందులో రెండు పరీక్షలు. ఇరవై కట్టలు పెడతారు. ఒక్కొక్కదాని రకం రాయాలి. ఉద్యోగం ఖాయం కావాలంటే రెండోది నెగ్గాలి. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు నా జీతం మీదే ఉన్నారు.

జనవరిలో మొదటి పరీక్ష. ఇరవైకి పందొమ్మిది సరిగ్గా రాశాను. కొనుగోలు అధికారి అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను చూసింది రంగు ఒక్కటే: తెల్లగా మెరిస్తే టాప్, నల్లబడితే బాటమ్. ఆ గెలుపుతో విద్య పూర్తయిందనుకున్నాను. తర్వాత మూడు నెలలూ ఒక్క కట్ట విప్పి చూడలేదు.

నార విడదీసే ఆడవాళ్లందరికీ చింతమ్మ పెద్ద. ఒకరోజు ఆమె, “ఓ పాలి సెయ్యెట్టి సూడండి బాబూ. ఆ రంగు నీళ్లది, నారది కాదు” అంది. కూలిమనిషి నాకు నేర్పడమేమిటని కుర్చీలోంచి లేవలేదు.

ఏప్రిల్ పరీక్షలో పదకొండు తప్పాయి. అధికారి నేను టాప్ రాసిన తెల్లకట్టలోంచి ఒక పాయ తీసి లాగారు. ఇట్టే తెగిపోయింది. ఎక్కువ రోజులు నీళ్లలో నాని కుళ్లిన నార అది. నేను బాటమ్ రాసిన నల్లకట్టలోని పాయ ఎంత లాగినా తెగలేదు. బురదగుంటలో నానడంతో రంగు మారింది, అంతే. జనవరిలో పెట్టినవన్నీ ఒకే చెరువు సరుకు కాబట్టి రంగు సరిపోయింది. ప్రొబేషను మూడు నెలలు పొడిగించారు. మళ్లీ తప్పితే ఇంటికే అన్నారు.

మర్నాడు చింతమ్మను నేర్పమని అడిగాను.

“కుర్సీలో కూకుంటే నారొచ్చి సెప్తాదేటి బాబూ? అదేటి మీ తాతగారి రైతేటి, కాళ్లకాడ మొర పెట్టుకోడానికి? ఇలా కిందన కూకోండి.”

ఆడవాళ్లు నవ్వారు. “పంచి మాసిపోతాదే!” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

“మాస్తే ఉతుక్కుంటారు. ఉద్దోగం పోతే ఏటి సేస్తారు?” అంది చింతమ్మ.

కింద కూర్చున్నాను.

మొదలు, నడుమ, కొస మూడుచోట్లా వేళ్లతో రుద్దడం, సన్నని పోగును చెవి దగ్గర తెంపి వినడం ఆమె నేర్పింది. గట్టినార టప్పుమని తెగుతుంది. కుళ్లినది చప్పుడు చేయదు. వేళ్లు కోసుకుపోయాయి. జూలైలో పద్దెనిమిది సరిగ్గా రాశాను. జనవరి కంటే ఒకటి తక్కువ. ఎవరూ మెచ్చుకోలేదు, ఉద్యోగం మాత్రం ఖాయం చేశారు. తప్పిన రెండు కట్టలూ అడిగి తీసుకుని సాయంత్రం దాకా విప్పి చూశాను.

తర్వాత ఆ వృత్తిలోనే రిటైరయ్యాను. గెలిచిన పరీక్ష నాకేమి తెలియదో చెప్పలేదు. ఓడినది పదకొండు కట్టలు ముందు పెట్టి చెప్పింది. అందుకే నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్లకు మొదటి పరీక్షలోనే చెరువు నార, గుంట నార కలిపి పెట్టేవాణ్ణి.

కుర్చీని మాత్రం ఉద్యోగం ఖాయమైన ఏడాదే రాజాంలో ఒక పప్పుల వ్యాపారికి అమ్మేశాను.