తీతువు అరిచిన చేను

తల మీద తీతువు అరిస్తే మీరు వెనక్కి తిరుగుతారు కదా, అది ఎందుకు అరిచిందో ఒక్కసారైనా ఆగి చూశారా?

మా చిన్నాయన చూడలేదు. పందొమ్మిది వందల యాభైల చివర్లో మాట. రాత్రి మంచి వాన పడింది. పట్నంలో మూఢనమ్మకాల మీద సభకు పోయి, పొద్దున్నే పామిడిలో బస్సు దిగి ఊరికి నాలుగు మైళ్లు నడుస్తున్నాను. బస్సు కిటికీలోంచి మా సీమ ఎర్రదుమ్ముగా తప్ప కనిపించదు. నడిచేవాడికి ఆ రోజు తడి ఇసుకలో కౌజుపిట్టల అడుగులు, ముఖమల్ గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు. వంగి వంగి చూస్తూ పోతున్నాను.

ఎదురుగా చిన్నాయన ఎద్దుల్ని తోలుకొస్తున్నాడు. విత్తనాల మూట ముడి విప్పనేలేదు.

"ఏం చిన్నాయనా, ఇంత పదునుంటే ఎనక్కి వస్తాండావు?"

"తీతువు నెత్తి మీదనే అరిసిందప్పా. ఈ పొద్దు ఇత్తితే ఇంట్లో పీనుగ లేస్తాది."

"ఎందుకు అరిసిందో చూసినావా?"

"పిట్టనడిగి రావాల్నా? సభలకు పోయి నేర్చింది ఇదేనా?"

మా ఎర్రనేలలో తడి రెండు రోజులు నిలిస్తే గొప్ప. ఒళ్లు మండి, చెయ్యి పట్టి చేనికి లాక్కుపోయాను. గట్టు మీద కదలకుండా కూర్చున్నాం. పిట్ట అరిచి అరిచి దిగింది. పచ్చటి పొడుగు కాళ్లతో నాలుగడుగులేసి, అటూ ఇటూ చూసి, నేలకతుక్కుని కూర్చుంది. దగ్గరికి పోతే లేచింది. గులకరాళ్ల మధ్య నల్లమచ్చల గుడ్లు నాలుగు. ఎద్దులు నడిచిన జాడకు జానెడు దూరం.

చిన్నాయన గొంతుక్కూర్చున్నాడు. "దీని దుంప తెగ, గుడ్ల కోసరమా అరిసింది!"

"మరి ఇత్తు."

"నువ్వు చెప్పింది నిజమేలే. అయినా అపశకునం అపశకునమే కదప్పా. బేస్తవారం ఇత్తుతా."

కళ్లారా చూసిన మనిషి మాట ఇది! ఊళ్లో పెద్దలంతా "మంచి పని చేసినావు" అని మెచ్చుకున్నారు. నాలుగు రోజులకు బేస్తవారం వచ్చేసరికి గాలి పదునంతా తాగేసింది. మళ్లీ అదనులో చినుకు లేదు. విత్తనాలు ఆ ఇంట్లో తిండికైపోయాయి. చిన్నాయన గుంతకల్లులో రైలెక్కి కూలికి పోయినాడు. ఆ ఏడు ఆ చేన్లో పెరిగినవి నాలుగు తీతువు పిల్లలే. కరువు దేవుడు పంపాడని ఇప్పటికీ అంటారు. కాదు, ఆ పొద్దు ఎద్దులతోపాటు మేమే ఇంటికి తోలుకొచ్చాం.

రేపు బస్సు దిగి మీ చేలగట్ల మీద నడవండి. పిట్ట అరిస్తే దండం పెట్టకండి. కూర్చోండి, అది ఎక్కడ దిగుతుందో చూడండి. గుడ్లున్న చోటు వదిలిపెట్టి విత్తే గొర్రు తోలండి. ఆ రోజే తోలండి.