తెర మీద తెల్ల పట్టీ

2022 నవంబరు 13, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆదోనిలోని ఒక కల్యాణమంటపంలో జిల్లా చదరంగం జట్టు ఎంపిక పోటీల ఆఖరి రౌండు మొదలైంది. నేను ప్రధాన ఆర్బిటర్‌ను, అంటే ఆటలో తగవు వస్తే తీర్పు చెప్పవలసినవాణ్ణి. డిగ్రీ కళాశాలలో వ్యాయామ అధ్యాపకుడిగా ఉంటూ ఈ బాధ్యతను ఇరవై ఏళ్లు నిర్వహించాను. మా ఇంట్లో తొలి పట్టభద్రుణ్ణి నేనే. అచ్చులో ఉన్న నియమమంటే నాకు మొదటినుంచీ గౌరవం ఎక్కువ.

ఆ రోజు మొదటి బల్లకు సెన్సర్లు అమర్చిన చదరంగం పలక తెప్పించాను. పావు కదలగానే ఆ ఎత్తు కంప్యూటరుకు చేరుతుంది. ఎవరిది పైచేయో అది లెక్కగట్టి, తెలుపు నలుపు పట్టీగా చూపుతుంది; తెల్లపావులకు గెలుపు దగ్గరైతే తెలుపు భాగం పైకి పెరుగుతుంది. ప్రేక్షకుల కోసం ఆ తెరను భోజనశాలలో పెట్టించాను. ఆటగాళ్ల ఫోన్లు సంచుల్లో వేసి సీలు చేశాను, జేబులు తనిఖీ చేశాను. అంతా సక్రమంగా ఉందనుకున్నాను.

ఆ బల్ల వద్ద తెల్లపావులతో ఎమ్మిగనూరు నేతకారుడు ఈరన్న, నల్లపావులతో ఆదోనిలో సైకిల్ షాపు నడిపే ఖాదర్ బాషా. గెలిస్తేనే ఈరన్నకు జట్టులో చోటు. అంతకుముందు రెండుసార్లూ అర పాయింటు తేడాతో అది తప్పిపోయింది.

పదకొండున్నర ప్రాంతంలో, ఎత్తు వేయవలసిన వంతు తనదై ఉండగానే, ఈరన్న నా అనుమతితో నీళ్లు తాగడానికి లేచాడు. తిరిగివచ్చి కూర్చోకుండా నా దగ్గరకు వచ్చాడు.

“సార్, గడియారం ఆపండి. భోజనాల రూము తలుపు తెరిచిండాది. నేను బొమ్మ చూసినా. తెల్లది శానా పైకి పోయిండాది.”

తెర మీద ఆయనకు ఏ ఎత్తూ కనబడలేదు. అయినా అది చిన్న సాయం కాదు. ఎక్కడ ఆగి వెతకాలన్నదే ఆటగాడికి తెలియదు. ఇక్కడ గెలుపు ఉందని తెలిస్తే సగం పని అయినట్టే. బయటి సమాచారం అందిన ఆటగాడికి ఓటమి దాకా శిక్ష విధించే అధికారం ఆర్బిటర్‌కు ఉంది. కాని నీళ్ల డ్రమ్మును ఆ తలుపు పక్కన పెట్టించింది నేనే.

గడియారం ఆపి ఖాదర్ బాషాకు విషయం చెప్పాను. ఆయన నవ్వాడు.

“ఏందన్నా, నువ్వు గమ్మున కూసోనింటే ఈ సార్‌కు పదేండ్లయినా తెలుస్తాండెనా? ఆడు పో.”

“ఎట్ల ఆడేది బాషా? ఇప్పుడు నేను ఎతికితే ఆ మిషను ఎతికినట్లే,” అన్నాడు ఈరన్న. తరువాత నా వైపు తిరిగి, “లేచేటప్పుడు ఏనుగును పక్కకు జరపాలనుకున్న్యా సార్. అదే జరుపుతా,” అన్నాడు.

శిక్ష వేయలేదు. లోపం నాదని రిపోర్టులో రాసి, తెర ఆపించి, ఆట కొనసాగించమన్నాను. ఈరన్న కూర్చున్న వెంటనే ఏనుగును జరిపాడు. ఆట డ్రా అయింది. జట్టులో చోటు మరొకరికి పోయింది.

ఆట ముగిశాక ఖాదర్ బాషా కంప్యూటరు దగ్గరకు వెళ్లి చూసి వచ్చాడు. “అన్నా, ఆడ ఏముండెనో చెప్తా, ఇను.”

“చెప్పొద్దప్పా. మగ్గం కాడ కూసోని ఎతుక్కుంటా. దొరికినాక నేనే ఫోన్ చేస్తా.”

నాలుగో రోజు ఫోన్ వచ్చిందని, గుర్రాన్ని వదులుకొని గెలిచే ఆ ఎత్తును ఈరన్న సరిగ్గా చెప్పాడని ఖాదర్ బాషా తరువాత నాకు తెలియజేశాడు.

ఆటగాళ్ల జేబులకన్నా ముందు నా ఏర్పాట్లను తనిఖీ చేయాలని ఆ ఆదివారం నేర్చుకున్నాను. పదవీ విరమణ చేసేవరకు ప్రతి పోటీలోనూ తెరను వేరే భవనంలో పెట్టించాను, ప్రసారాన్ని పదిహేను నిమిషాలు ఆలస్యంగా ఇప్పించాను. రౌండు మొదలుకాకముందే ప్రతి కుర్చీ నుంచి నీళ్ల డ్రమ్ము దాకా నేనే నడిచి చూశాను.