దండ వేసిన లక్ష్ముడు

గరాచర్మలో బస్సెక్కి డిగ్నాబాద్ వచ్చిన గురమ్మ, తమ్ముడి వరసైన లక్ష్ముడి ఇంట్లో అడుగుపెట్టి, గోడమీద అతని ఫొటోకి దండ ఉండటం చూసి, గుమ్మంలోనే కూలబడి శోకాలు మొదలుపెట్టింది. లక్ష్ముడు లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె చేతిలోంచి జారి గ్లాసు సొట్టపోయింది.

లక్ష్ముడికున్న జబ్బు అదొక్కటే. తను చచ్చిపోయిన ప్రతి ఫొటోనీ దండతో సహా ఇంటికి తెచ్చుకుంటాడు.

అతను నటుడు. ఎప్పుడో ఈ దీవుల్లో షూటింగుకు వచ్చినవాళ్ళు గుంపులో నిలబెట్టారు. ఆ ఊపులో ఓడెక్కి చెన్నై, అక్కణ్ణుంచి హైదరాబాదు చేరాడు. సినిమాల్లో రెండుసార్లు తలుపు తీశాడు, ఒకసారి వేశాడు. చివరికి అతని మొహంలో ఉన్నదేమిటో సీరియళ్ళవాళ్ళు కనిపెట్టారు. దండ వేస్తే చాలు, చూసేవాళ్ళకి ఏడుపొస్తుంది. అప్పట్నుంచి పదకొండు సీరియళ్ళలో కథానాయికకి పోయిన తండ్రి అతనే. గోడ దిగే వేషం ఇంతవరకూ రాలేదు. ఫొటో దిగడానికి అప్పుడప్పుడు హైదరాబాదు వెళ్ళొస్తాడు, కాపురం మాత్రం దీవిలో, డిగ్నాబాద్‌లోనే.

"అన్నీ ఒకటే మొహం కదరా," అంది గురమ్మ, గుండె కుదుటపడ్డాక.

"ఒకటేటక్కా! బరాబర్ సూడు. ఈడికి గుండెపోటు. ఈడికి షుగరు. ఇదిగో, ఈణ్ణి సొంత తమ్ముడే లారీతో గుద్దించేసినాడు. కళ్ళల్లో అనుమానం కనబడతందా?"

గురమ్మకి కనబడింది.

అతని భార్య నూకరత్నం బాధ వేరు. "ఇంటికొచ్చినోళ్ళు గోడకేసి సూసి, తరవాత నా బొట్టుకేసి సూస్తన్నారు. ఆ దండలైనా తీసెయ్!"

"దండ తీస్తే ఖాలీ ఫొటోయే. దండుంటేనే క్యారెక్టర్."

జులై ముసురులో లక్ష్ముడి పెద్దమ్మ కొడుకు అసిరయ్య చేపల వేటకెళ్ళాడు. మూడోరోజుకి డింగీ పడవ ఒక్కటే దొరికింది. వారాలు ఎదురుచూసి, ఇక చాలనుకుని, పెద్దలు కర్మకి రోజు పెట్టారు. పీటమీద పెట్టడానికి ఫొటో లేదు. అసిరయ్య కెమెరా కనబడితే తల తిప్పేసే మనిషి. పెళ్ళి ఆల్బంలో కూడా అతని చెవులే ఉన్నాయి. ఫోను అతనితోనే సముద్రంలోకి పోయింది. ఆధార్ కార్డుమీది బొమ్మని పెద్దది చేయిస్తే పనసకాయలా వచ్చింది.

"దేనికి దండెయ్యను చెల్లీ?" అంది అతని భార్య కాళమ్మ, నూకరత్నం చెయ్యి పట్టుకుని. "రేపు ఆ మొహం మర్చిపోతే?"

 రెండు రోజులు పోయాక లక్ష్ముడు కాళమ్మ దగ్గర అసిరయ్య నీలం చొక్కా అడిగి తీసుకుని బజార్లో స్టూడియోకి వెళ్ళాడు. ముక్కు ఎలాగూ అన్నదమ్ములిద్దరిదీ ఒకటే. తలకి నూనె దట్టించి, వల లాగి లాగి అసిరయ్యకి మీదికి లేచిపోయిన ఆ ఎడమ భుజాన్ని తెచ్చిపెట్టుకుని కూర్చున్నాడు. "భయ్యా, సీదా బైఠో!" అని, నిటారుగా కూర్చోమని ఫొటోగ్రాఫరు మొత్తుకున్నాడు. లక్ష్ముడు వినలేదు.

సంగతి తెలిసి నూకరత్నం కర్మరోజున మండిపడుతూ వచ్చింది. సీరియలైతే సరే, నిజం కర్మలో బతికున్న మనిషికి దండేమిటని కడిగెయ్యడానికి గుమ్మం దాటి, పీటకేసి చూసి, చటుక్కున తలమీద కొంగు కప్పుకుని తలుపు వెనక్కి తప్పుకుంది. బావగారి ఎదుట ఇరవై ఏళ్ళుగా ఆమె చేసే పని అదే. చూసింది తన మొగుణ్ణేనని గుర్తు రావడానికి కాసేపు పట్టింది. తెలిశాక కూడా కొంగు తియ్యలేదు.

ఆ ఒక్క ఫొటోకీ లక్ష్ముడు ఇంటికి కాపీ తెచ్చుకోలేదు.

కాళమ్మ దండ వేసి, కళ్ళు తుడుచుకుని, దగ్గరికెళ్ళి చూసింది. వెనక్కి తిరిగి నిలదీసింది.

"అంతా బాగుంది గానీ మరిదీ, నా మనిషి ముప్పయ్యేళ్ళల్లో ఒక్కపాలి నవ్వనేదు. ఇందులో నవ్వుతున్నాడేటి?"

"ఇంక వల లాగే పన్లేదు కదొదినా, నవ్వనీ."