ఎడమవైపు స్టీరింగు

భూతద్దంగారికి కారు లేదు. సైకిలు తప్ప మరేదీ నడపడం రాదు. ఈ రెండు సంగతులూ ఎవరైనా ఎత్తితే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. స్పేర్ పార్టుల కొట్లో ముప్ఫై రెండేళ్ళు కౌంటరు వెనక నిలబడి నట్లూ బోల్టులూ అందించి రిటైరైన మనిషి. ఆ కొట్లో మూలపడేసిన బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల కేటలాగులు ఇంటికి మోసుకుపోయి కంఠతా పట్టాడు. అప్పట్నుంచీ ఆయనకు సినిమా అంటే కారే. హీరోయిన్ ఏడుస్తున్నా, హీరో చస్తున్నా పట్టదు. వెనకాల వీధిలో సగం కనబడే మడ్‌గార్డు మీదే కళ్ళు. భూతద్దం పుచ్చుకుని టీవీకి ముక్కు ఆనించి చూస్తాడు గనక ఆ పేరు వచ్చింది. అది వెక్కిరించడానికి పెట్టిన పేరని ఆయనకు ఇవాళ్టికీ తెలీదు, బిరుదనుకుంటాడు.

నిజం చెప్పొద్దూ, విద్య ఉంది. ముందు దీపాలు మడ్‌గార్డులో కలిసిపోయి ఉంటే ఎంజీ టీఎఫ్, విడిగా నిలబడి ఉంటే అంతకు ముందుది. ముందున్న ఇనపజాలీ ఎక్కడో లోపలికి ఉంటే ట్రయంఫ్ టీఆర్ 2, అంచుదాకా వచ్చేస్తే టీఆర్ 3. అరక్షణంలో చెప్పేస్తాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. చెప్పలేనివాళ్ళ వంక చూసి ముక్కు చిట్లిస్తాడు. కార్లున్నవాళ్ళంటే మరీ చులకన. "తొక్కడమే గానీ, దేన్ని తొక్కుతున్నారో తెలీదు వెధవలకి," అంటాడు. బస్సులో నిలబడి అంటాడు ఆ మాట.

పంటి డాక్టరుగారి ఆసుపత్రి పైగదిలో ప్రతి ఆదివారం పొద్దున్న పాత కార్ల సంఘం కూడుతుంది. తెల్ల గోడ, ప్రొజెక్టరు, పది ప్లాస్టిక్ కుర్చీలు. డాక్టరుగారు అధ్యక్షుడు, అదీ పేరుకే. ఆ ఏడు ప్రదర్శన పెడుతూ పెద్ద బోర్డు ఒకటి రాయించాలనుకున్నారు. ఏ సినిమాలో ఏ కారు, దాన్ని నిజంగా నడిపిందెవరు అన్నవి అందులో ఉంటాయి. భూతద్దం ఊఁ అంటేనే బోర్డు మీదికి పేరెక్కుతుంది. ఇంకేం, ఆయన కాలు నేల మీద నిలవలేదు.

ఆ ఆదివారం ఒక పెద్దావిడ మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కి వచ్చింది. ఆవిడ భర్త ఒకప్పుడు సినిమాల్లో హీరోలకు డూపుగా కార్లు నడిపేవాడు. పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక సినిమాలో కొండదారి మలుపు దగ్గర కారును గిర్రున తిప్పి లోయ అంచున ఆపింది ఆయనేనట. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు, హీరోగారే నడిపారని పత్రికలన్నీ రాసుకున్నాయి. ఆయన బతికినన్నాళ్ళూ చెప్పుకుంటూనే ఉన్నాడు, చుట్టాలు కోతలని నవ్వుతూనే ఉన్నారు.

"ఆ బోర్డు మీద ఆయన పేరొక్కటి రాయించండి బాబూ. ఇంకేం వద్దు. మా మరుదులూ తోడికోడళ్ళూ వచ్చి చూసి నోళ్ళు మూసుకోవాలి," అంటూ సంచీలోంచి ఫోటో తీసింది.

ఫోటోలో సన్నటి మనిషి రెండు సీట్ల కారులో కూర్చుని నవ్వుతున్నాడు. స్టీరింగు కుడివైపు ఉంది. నంబరు ప్లేటు శుభ్రంగా చదవచ్చు.

డాక్టరుగారు సినిమా వేశారు. ఆ మలుపు షాటు మొత్తం ఏడు సెకన్లు. ప్లేటు దుమ్ములో కనబడలేదు. భూతద్దం మూడుసార్లు వేయించుకుని చూసి, కుర్చీ వెనక్కి జరిపి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"కారు టీఆర్ 2, అందులో డౌటు లేదు. కానీ తెర మీద స్టీరింగు ఎడమవైపుంది, చూశారా? అమెరికా లాంటి దేశాలకి చేసిన మోడలది. ఈ ఫోటోలో బండి కుడివైపుది. రెండూ ఒకటెలా అవుతాయండీ?"

"ఆయన నడిపిందే బాబూ. ఆ వేళ చెయ్యి బెణికి ఇంటికొస్తే నేనే కట్టు కట్టాను."

"చెయ్యెక్కడ బెణికించుకున్నాడో మనకేం తెలుసు మామ్మగారూ! షూటింగులో కార్లు తుడిచేవాళ్ళు కూడా ఎక్కి ఫోటోలు దిగేవాళ్ళు. మీవారు కథ చెప్పారు, మీరు నమ్మారు. పాపం!"

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. డాక్టరుగారు తనకేం పట్టనట్టు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆవిడ ఫోటో సంచీలో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఇంటికెళ్ళాక కూడా ఆ ఘనకార్యం కడుపులో దాగలేదు. భార్య ముందుగదిలో మిషను మీద చొక్కాలు కుడుతోంది. ముప్ఫై ఏళ్ళుగా మగవాళ్ళ చొక్కాలు కుట్టడమే ఆవిడ పని. "ఇటు చూడు, ఆ ముసలావిడ గాలి ఎలా తీశానో!" అంటూ జరిగిందంతా చెప్పి, టీవీలో ఆ షాటు వేశాడు.

ఆవిడ పళ్ళతో దారం తెంపి చూసింది. "ఇంకోసారి వెయ్యండి. ఆ మనిషి చొక్కా జేబు కుడివైపుందేం?"

"నేను కారు చూడమంటే నువ్వు చొక్కా చూస్తావా? నీ బుద్ధి ఎక్కడికి పోతుంది!"

"కారు నాకేం తెలుసు? దీనిముందు షాటు వెయ్యండి. అదిగో, కారు తలుపేస్తుంటే హీరో జేబు ఎడమవైపే ఉంది. అదే గీతల చొక్కా. మలుపులో బొత్తాల పట్టీ కూడా తిరగబడింది. ఏ దర్జీ ఇలా కుట్టడు. ఎవరో బొమ్మనే తిరగేశారు."

భూతద్దం సినిమా వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. దూరపు షాట్లన్నిటిలో కారు ఎడమ నుంచి కుడికి పోతుంది. మలుపు ఒక్కటీ ఎదురు దిశలో తీసుంటారు. కారు వెనక్కొస్తున్నట్టు కనబడకుండా ఎడిటరు ఫిలిం తిరగేసి అతికించాడు, దాంతో అద్దంలోలాగా కుడి స్టీరింగు ఎడమకి వచ్చింది. పాత సినిమాల్లో అది మామూలేనని ఆయనకూ తెలుసు. ఈ కారుకి పెట్రోలు మూత కూడా నట్టనడుమే ఉంటుంది కనక అదీ పట్టివ్వలేదు. ఎడమ స్టీరింగు కనబడగానే అరుదైన మోడలు దొరికిందని ఎగిరి గంతేసి పప్పులో కాలేశాడు. ఆ ఒక్క అభ్యంతరం పోతే ఆవిడ మాట కాదనడానికి ఇంకేమీ లేదు.

"వెళ్ళి ఆవిడకి చెప్పి రండి," అంది భార్య.

"నేనేం తప్పు చెప్పాను? తెర మీదున్నదే చెప్పాను."

"పోయిన మనిషిని అబద్ధాలకోరని పదిమందిలో నవ్వారు. ఛీ! మీరు చెప్పకపోతే నేనే వెళ్ళి జేబు సంగతి చెప్తాను."

ఆ బెదిరింపు పనిచేసింది. జాలితో కాదు లెండి. చొక్కాలు కుట్టే ఆడది పట్టుకుందని సంఘంలో తెలిస్తే ఇంకేమన్నా ఉందా! ఆవిడ ఇంటికి నడిచి వెళ్తే పావుగంట. వెళ్ళలేదు మహానుభావుడు. వచ్చే ఆదివారం రమ్మని డాక్టరుగారి చేత కబురంపి, ఆ మోకాళ్ళతో ఆవిడ చేతే మళ్ళీ మెట్లెక్కించాడు.

అందరూ కూర్చున్నాక గోడ ముందు నిలబడి అరగంట ఉపన్యాసం దంచాడు. జేబు తనే కనిపెట్టినట్టు, బొత్తాల పట్టీ తనే కనిపెట్టినట్టు. భార్య మాట పొరపాటున కూడా రాలేదు. "సినిమా ప్రింటులో తప్పండీ ఇది. ప్రింటు మనందర్నీ మోసం చేసింది. కారు అదే, నడిపిందీ ఆయనే. చెప్పండి మామ్మగారూ, పేరు రాయించేద్దాం!" అని చెయ్యి చాచాడు. సంఘం చప్పట్లు కొట్టింది, ఆయన తల వంచి అందుకున్నాడు.

పెద్దావిడ లేచి డాక్టరుగారి దగ్గరికెళ్ళి భర్త పేరు చెప్పింది. ఆయన రాసి చూపిస్తే ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు భూతద్దం వైపు తిరిగింది.

"పేరు రాశారు, అది చాలు నాకు. కానీ బాబూ, ప్రింటు నన్ను చూసి నవ్వలేదు. నువ్వు నవ్వావు."