కట్టలమ్మ ‘ఉంది’ అన్న ఫైలు

పోలీసు ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ కట్టలమ్మే. ఇరవై రెండేళ్ళుగా వెనకవైపు రికార్డు గదిలో పాత కేసుల ఫైళ్ళను ఏడాదివారీగా దారంతో కట్టలు కట్టి, అరల్లో సర్ది, అడిగినవాళ్ళకు తీసిచ్చి, తిరిగి తేకపోతే వాళ్ళ ప్రాణం తోడేసేది కనుక ఆ పేరు నిలిచిపోయింది. ఇంట్లోనూ అదే తీరు. ఉల్లిపాయల సంచికి ఆమె వేసిన ముడి విప్పలేక భర్త రెండుసార్లు ఉల్లిపాయ లేకుండానే కూర వండాడు.

ఆ గదిలో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ ఫైలు అరలోంచి కదిలినా దాని చోట ఒక అట్టముక్క నిలబెట్టాలి. ఫైలు ఎక్కడికి పోయిందో దాని మీద రాయాలి. అట్ట ఉందంటే ఫైలు ఎక్కడో భద్రంగా ఉన్నట్టే. కొత్తగా వచ్చిన ప్రతి ఇన్‌స్పెక్టరుకూ అడగకపోయినా ఈ సంగతి పూసగుచ్చినట్టు చెప్పేది.

ఆ రోజు పొద్దున లేచింది మొదలు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పదేళ్ళ కిందట మూసేసిన చిన్న దొంగతనాల ఫైళ్ళన్నీ కాగితాల మిల్లుకు పోయే రోజది. జాబితా తనే రాసింది, సంతకమూ తనదే. నూట నలభై గోనెసంచులకు సీళ్ళు పడ్డాయి. మధ్యాహ్నం మూడింటికి లారీ వస్తుంది. ఇలాంటి లారీలు ఇదివరకు నాలుగు పంపింది, ఎప్పుడూ ఇంత గుబులు లేదు. టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఇంకో గ్లాసు పోసుకుంది.

“ఏంటి, పొద్దున్నుంచీ ఇల్లు కొలుస్తున్నావు?” అన్నాడు భర్త.

“ఏదో మర్చిపోయానండీ. ఏంటో గుర్తొస్తే కదా!”

ఆఫీసుకు వెళ్ళినా కుదురు లేదు. ఆ అర సర్దింది, ఈ అర సర్దింది. చివరికి తప్పిపోయినవాళ్ళ అర దగ్గర ఆగింది. ఆ ఫైళ్ళను ఎన్నేళ్ళయినా పారేయరు, మనిషి దొరికేదాకా ఉండాల్సిందే. అక్కడ నిలబడగానే దర్జీ గుర్తొచ్చాడు. వానలు మొదలైన వారంలో ఏటా వస్తాడు. పంతొమ్మిదేళ్ళ కిందట అతని తమ్ముడు ఒక ఉదయం సైకిలెక్కి పనికి బయల్దేరాడు, మళ్ళీ రాలేదు. దొరికాడా అని అడగడం దర్జీ ఎప్పుడో మానేశాడు.

“మా తమ్ముడి ఫైలు ఉందా అమ్మా?” అంటాడు.

ఆమె కుర్చీలోంచే అర వైపు చూసి “ఉందండీ” అంటుంది.

“అది చాలు. ఫైలు ఉన్నంతకాలం వెతుకుతున్నట్టే కదా,” అని వెళ్ళిపోతాడు.

అతని ఫైలు ఒకసారి తాకి చూద్దామని చెయ్యి పెట్టింది. చేతికి అట్టముక్క తగిలింది. రంగు వెలిసిన సొంత దస్తూరీ: ‘సైకిల్ దొంగతనం ఫైల్లో ఉంది.’

అప్పట్లో ఆ సైకిలు ఎవరి దగ్గరో దొరికితే దాని మీద వేరే దొంగతనం కేసు పెట్టారు. పాపం, సైకిలొక చోటా దాని మనిషొక చోటా ఎందుకని రెండు ఫైళ్ళనూ తనే కలిపి కుట్టింది. కేసు మూశాక విడదీయడం మర్చిపోయింది. ఇన్నేళ్ళూ దూరం నుంచి అట్టను చూసే ‘ఉంది’ అంటూ వచ్చింది. ఆ ఫైలిప్పుడు ఏదో గోనెసంచిలో మిల్లుకు ప్రయాణం కట్టింది.

పరుగున ఇన్‌స్పెక్టరు గదికి వెళ్ళింది.

“సీళ్ళు విప్పాలంటే జాబితా తప్పని మీరు రాసివ్వాలి,” అన్నాడాయన. “అది మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఏడాదిన్నరలో రిటైరవుతున్నారు. ఎందుకమ్మా లేని తలనొప్పి? ఇప్పుడా ఫైలు అడిగేదెవరు?”

“ఏటా ఒకాయన అడుగుతాడు సార్.”

“ఉందని చెప్పండి.”

“ఇన్నేళ్ళూ అదే కదా సార్ చెప్పింది!”

తీసుకెళ్ళిన ఫైలు తేవడం ఒక్క పూట ఆలస్యమైతే ఎంతమందిని గడప దగ్గర నిలబెట్టి కడిగేసిందో ఆమెకు తెలుసు. వాళ్ళంతా ఇక నోరు చేసుకుంటారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా రాసిచ్చింది.

సంచుల్లో వరస లేదు, ఏ కట్ట ముందు చేతికొస్తే అది కుక్కారు. విప్పడం, చూడడం, మళ్ళీ కట్టడం. తన ముళ్ళు తనకే రావడం లేదు. భర్త పడ్డ పాట్లేమిటో ఆ రోజు అర్థమైంది. యాభై సంచులయ్యాయి. డెబ్భై అయ్యాయి. గోళ్ళలో దుమ్ము, కళ్ళలో దుమ్ము. లారీ వచ్చి హారన్ మొదలుపెట్టింది. “అమ్మా, ఎంతసేపు?” అని డ్రైవరు ఒకటే గోల. తొంభై మూడో సంచిలో, అడుగున, తను కుట్టిన దారం కనబడింది. ఆ సంచి మీదే కూలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చేసింది.

వానలు మొదలయ్యాయి. దర్జీ వచ్చాడు, అదే ప్రశ్న అడిగాడు. ఆమె ఈసారి మాట చెప్పలేదు, ఫైలు తెచ్చి అతని ముందు పెట్టి తెరిచింది. మొదటి కాగితానికి ఒక ఫోటో. సైకిలు పట్టుకుని నవ్వుతున్న కుర్రవాడు.

దర్జీ తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు కానీ ఫోటోను ముట్టుకోలేదు.

“మా ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫోటోనే అమ్మా. ఆ రోజు మీవాళ్ళకిచ్చేశాను. వాడి మొహం నాకు సరిగా గుర్తు లేదు.”

“మరి ఇన్నేళ్ళూ చూపించమని అడగలేదేమండీ?”

“అడిగితే, తీసుకుపో అని ఇచ్చేస్తారేమోనని. ఇచ్చేస్తే ఇక వెతకరు కదా.”

కట్టలమ్మ ఫోటోకు ఒక కాపీ తీయించి అతని చేతిలో పెట్టింది. అసలుది ఫైల్లోనే ఉంచి, అతని కళ్ళముందే దాని అరలో పెట్టి, అట్టముక్క తీసేసింది.

మరుసటేడు వానల్లో దర్జీ మళ్ళీ వచ్చాడు.

“ఉందా అమ్మా?”

నిన్ననే ఆ అర తుడిచింది. ఫైలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

“ఉండండి, చూసొస్తాను,” అంటూ కుర్చీలోంచి లేచింది.