ఆ గడిలో రాసిన మాట

నిన్న ల్యాబ్‌లో భోజనాల గదిలోకి అడుగు పెట్టగానే ఎండిన నారింజ తొక్కల వాసన తగిలింది. ఎవరో తొక్కలు గది వేడిచేసే రేడియేటర్ మీద వదిలేసి వెళ్ళారు. శుభ్రం విషయంలో నాకున్న చాదస్తానికి వెంటనే తీసి పారేయాలి. తీయలేదు. ఇంగ్లండులో, కోవెంట్రీలో సరోజిని ఆంటీ ఇల్లు చలికాలమంతా ఇదే వాసన వేసేది. పిల్లలు తిన్న నారింజల తొక్కల్ని ఆవిడ రేడియేటర్ మీద వరసగా పేర్చేవారు. ఎందుకని అడిగితే "సున్నిపిండిలోకి" అనేవారు, అదేదో ఆ వీధిలో అందరూ సున్నిపిండితోనే స్నానం చేస్తున్నట్టు.

ఆవిడ మా వీధి చివర ఉండే చైల్డ్‌మైండర్. అంటే ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకుని, తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే మనిషి. డాక్టరు ఉద్యోగానికి వచ్చిన భర్తతో విజయనగరం నుంచి వచ్చి, ఆయన పోయాక ఈ పని మొదలుపెట్టారు. తెలుగువాళ్ళలో ఆవిడకు పొగరుబోతని పేరు. కొంత నిజమే. పిల్లను తీసుకెళ్ళడానికి పది నిమిషాలు ఆలస్యమైతే గోడ గడియారం వైపు చూసేవారు.

2011లో మా అన్వితకు మూడేళ్ళు నిండాయి. అప్పుడే నాకు ఆస్పత్రి ల్యాబ్‌లో ట్రైనీ ఉద్యోగం దొరికింది. పిల్లను చూసేవాళ్ళు లేకుండా చేరలేను. చైల్డ్‌మైండర్ ఖర్చంతా మా ఆయన జీతంతో మోయలేం. రెండేళ్ళపాటు అన్వితను తెనాలిలో మా అమ్మ దగ్గరకు పంపేద్దామని ఆయన అన్నారు. తెలిసినవాళ్ళలో ఇద్దరు అలాగే పంపారు. నేనూ సరేనన్నాను. ఆ సరే తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సంగతి చెప్పగానే సరోజిని ఆంటీ నన్ను ఎగాదిగా చూశారు.

"మూడు నిండిన పిల్లలకి వారానికి పదిహేను గంటలు సర్కారే కడతాది. నా దగ్గరున్నా కడతాది. ఫారం ఎందుకెట్టలేదు?"

"మా వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదని ఉందాంటీ."

"ఆ లిస్టులో ఇది లేదు. నువ్వు చదివేవా, ఎవరో అన్నారని ఊరుకున్నావా?"

చదవలేదు. ఆ రోజే చదివాను. ఆవిడ చెప్పింది నిజమే. మిగతా గంటల ఖర్చు ఎలాగో మేం భరించగలం. ఫారం నింపాను. అందులో ఒక గడి: చూసుకునే మనిషి పిల్లకు ఏమవుతారు? ఆలోచించే పనేముంది? "ఆంటీ" అని రాశాను.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. పిన్ని, మేనత్త లాంటి దగ్గరి బంధువులు చూసుకుంటే ఈ సాయం వర్తించదట. కంగారుగా ఈ సాయం చూసే ఊరి కౌన్సిల్‌కు ఫోన్ చేశాను. "ఆమె మీ ఆంటీయే కదా?" అంది అవతలావిడ. "అవునండీ, ఆంటీయే" అని నొక్కి మరీ చెప్పాను. నా గొయ్యి నేనే ఇంకాస్త లోతుగా తవ్వుకున్నాను. ఆ సాయంత్రమే మా ఆయన విమానం టికెట్లు వెతకడం మొదలుపెట్టారు.

ఉత్తరం చూస్తే సరోజిని ఆంటీ విరుచుకుపడతారనుకున్నాను. రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"ప్రశ్న వాళ్ళది. నువ్వేమో మనింటి మాట రాసీసేవు. ఫోన్ చెయ్యి, మనిషిని పంపమను. బతిమాలకు. పొరపాటు పడింది, దిద్దాలి అని చెప్పు."

నాకు బతిమాలడమే వచ్చు. ఆవిడ పక్కనే నిలబడి, నేను "సారీ" అన్నప్పుడల్లా వేలెత్తి బెదిరించారు. అయిదోసారికి సారీ లేకుండా ఒక వాక్యం పూర్తిచేశాను. నా జీవితంలో అదే మొదటిసారేమో.

కౌన్సిల్ నుంచి ఒక అమ్మాయి ఫైలుతో ఆంటీ ఇంటికి వచ్చింది. మేమిద్దరం ఏం చెప్పాలో కూడబలుక్కుని ఉన్నాం. మాకు ఆ అవకాశమే రాలేదు. అన్విత ఎదురెళ్ళి, "సిట్ డౌన్, ఆంటీ" అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఇంతలో పోస్ట్‌మ్యాన్ తలుపు తట్టాడు. "అంకుల్ వచ్చాడు!" అని కేక పెట్టింది. ఆ అమ్మాయి పిల్లనూ మమ్మల్నీ మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వింది.

"ఈ పాపకు ఎంతమంది ఆంటీలు?"

"ఈ ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళున్నారో అంతమంది" అన్నారు సరోజిని ఆంటీ, నవ్వకుండా.

ఆ అమ్మాయి ఒక కాగితం ముందుకు జరిపింది. ఈ పిల్లతో తనకు ఏ బంధుత్వమూ లేదని ఆంటీ సంతకం చేయాలి. సంతకాలకు ఆవిడ ఎన్నడూ తడుముకోరు. ఆ రోజు మాత్రం అన్విత నారింజ తొనలు తింటూ ఆవిడ మోకాలికి ఆనుకుని ఉంది. ఆవిడ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు. "నాను దీనికి ఏటీ అవను" అని తెలుగులో ఒకసారి పైకి చదువుకుని సంతకం పెట్టారు. తర్వాత పిల్ల చేతిలోని తొక్క తీసుకుని రేడియేటర్ మీద పెట్టారు.

సాయం మంజూరైంది. అన్విత తెనాలి వెళ్ళలేదు, నేను ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ ఏ ఫారమైనా ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదువుతాను. ఫోన్‌లో సారీ చెప్పను. నాక్కూడా పొగరుబోతని పేరొచ్చిందని విన్నాను.

2019లో సరోజిని ఆంటీ పోయారు. అంత్యక్రియల హాలు గుమ్మం దగ్గర ఒక పుస్తకం పెట్టారు, వచ్చినవాళ్ళు పేరూ, పోయినవారితో బంధమూ రాయడానికి. అలవాటు ప్రకారం ప్రశ్న రెండుసార్లు చదివాను. పొరుగువారు అని రాయాలి. అదే సరైన జవాబు. నేను పెన్ను అందుకునేలోపే పదకొండేళ్ళ అన్విత తీసుకుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బంధం అన్న గడిలో గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో "ఆంటీ" అని రాసి, పెన్ను నాకిచ్చింది.

నేను దాని కింద అదే మాట రాశాను.